మళ్ళీ మూడు నెలలు

ఆ పొద్దున రేపల్లె మీద మబ్బు కమ్ముకుని ఉంది గాని చినుకు లేదు. సూర్యుడు లేచాడో లేదో తెలియని బూడిద వెలుగు. రత్నం ఉతికిన చొక్కా తొడుక్కుని తెనాలి రైలెక్కాడు. అక్కడ దిగి బాపట్ల వెళ్ళే రైలు పట్టుకున్నాడు. లైసెన్సు మీద పడ్డ మూడు నెలల సస్పెన్షన్ నిన్నటితో తీరింది. కార్డు చేతికొస్తే రేపట్నించి మళ్ళీ అరటిగెలల వ్యాను నడుపుకోవచ్చు.

తప్పు తనదేనని రత్నం ఒప్పుకున్నాడు. తెనాలి మార్కెట్టు దగ్గర వ్యాను నడుపుతూ ఫోను చెవిన పెట్టాడు. అయితే ఆ ఫోను చేసింది వ్యాను యజమాని అజయ్ బాబు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేసే మనిషి. ఆ మాట రత్నం పోలీసులకీ చెప్పలేదు, పెళ్ళాం పున్నమ్మకీ చెప్పలేదు. ఆర్డరు వచ్చాక, తను ఎటూ బాపట్ల వెళ్తున్నానని, లైసెన్సు కార్డు అక్కడి రవాణా ఆఫీసులో అప్పగించేస్తానని అజయ్ బాబే తీసుకున్నాడు.

ఆనాటి నుంచి రత్నం స్టీరింగు ముట్టలేదు. దొడ్లో అడ్డంగా ఉన్న వ్యాన్ని కాస్త వెనక్కి తియ్యమన్నా తియ్యలేదు. తోటల్లో గెలలు మోశాడు. చొక్కాల భుజాలు అరటి మరకలతో నల్లబడ్డాయి. తోటి డ్రైవర్లు నవ్వారు.

"సస్పెన్షన్ కాగితం మీదేగా మామా, రోడ్డు మీద కాదుగా."

బాపట్ల ఆఫీసులో కిటికీ వెనక ప్రమీలారాణి అనే ఉద్యోగిని కంప్యూటరు ఒకటికి రెండుసార్లు చూసింది. ఆర్డరు ప్రకారం కార్డు అప్పగించిన రోజు నుంచే లెక్కట. అజయ్ బాబు దాన్ని అప్పగించింది మొన్న సోమవారం.

"మీరు నడపలేదంటే నమ్ముతానండి. తేదీ మార్చడం మాత్రం నా చేతుల్లో లేదు," అంది.

తిరుగు రైల్లో సీటు ఖాళీగా ఉన్నా రత్నం కూర్చోలేదు. రేపల్లెలో దిగి నేరుగా అజయ్ బాబు ఇంటికి నడిచాడు.

వరండాలో ఉన్న అజయ్ బాబు, కార్డు కారులోనే ఉండిపోయిందని, పనుల్లో పడి మర్చిపోయానని చెప్పాడు. తర్వాత నవ్వాడు.

"అయినా ఇదేమన్నా జైలా రత్నం? రేపట్నించి ఎక్కెయ్. ఎవడాపుతాడు? ఆపితే నేను లేనా?"

"ఉన్నారు బాబూ. ఫోను చేసిందీ మీరే, కార్డు మర్చిపోయిందీ మీరే. మోసింది నేను. ఇంక మొయ్యను. ఈ మూడు నెలలూ వ్యాను మీరు నడపండి. నేను పక్కన కూర్చుని దారి చెప్తా. జీతం డ్రైవరు జీతమే."

"నేనా? గెలల వ్యానా? జనం నవ్వరూ?"

"నన్ను చూసి ఇన్నాళ్ళూ నవ్వారు గదండీ."

అజయ్ బాబు తల్లి శకుంతల వంటింట్లోంచి అంతా విన్నట్టుంది, గుమ్మంలోకి వచ్చింది. కొడుకు వైపు చూడలేదు.

"పొద్దున లోడు ఎన్నింటికి రత్నం?"

"ఐదింటికండి."

"లేపి పంపిస్తాను. కాళ్ళు కడుక్కుని లోపలికి రా."

ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో రత్నం తిన్నది వరండాలోనే. ఇవాళ బల్ల మీద మూడు కంచాలు పెట్టి, శకుంతల తనూ కూర్చుంది. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, పెరుగు. అజయ్ బాబు కంచంలోంచి తల ఎత్తలేదు. రత్నం కోపం ఏమీ తగ్గలేదు. ఆకలి మాత్రం బాగా వేస్తోంది. కంచం కాస్త ముందుకు జరిపాడు. ఆవిడ మారు వడ్డించింది.