పెద్దక్క గొంతు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఒకరోజు ఆ గది గోడకి కంప్యూటర్ బిగించారు. వచ్చిన ప్రతి మూటా ఏ వార్డుదో అందులో నొక్కాలట.

"చదువు రానివాళ్లు దాని జోలికి పోకండి. మూటలు మోస్తే చాలు," అన్నాడు మేనేజరు.

పెద్దక్కకి ఒళ్లు మండింది. "మాకు రానిది అక్షరమే సార్, పని కాదు. మాకు అర్థమయ్యేలా చేయించండి. అందాకా మూట కదలదు," అంటూ మూట మీదే చతికిలబడింది. మిగతా ఆడవాళ్లూ కూర్చున్నారు.

మధ్యాహ్నానికల్లా ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేసిన ఇంజనీరమ్మ పరుగున వచ్చింది. అప్పటికప్పుడు అక్షరాల బదులు బొమ్మలు పెట్టి, "ఈ కత్తెర ఆపరేషన్ వార్డు," అంది.

"కత్తెరంటే మాకు చిరిగినవి కుట్టే గది తల్లీ! ఆపరేషన్ గుడ్డలు ఆకుపచ్చగా ఉంటాయి. ఎప్పుడైనా చూశావా?" అంది పెద్దక్క.

ఇంజనీరమ్మ నాలుక్కరుచుకుంది. వారం రోజులు వాళ్ల పక్కనే నిలబడి, వాళ్లు చెప్పినట్టే బొమ్మలు మార్చింది. బొమ్మ నొక్కగానే వార్డు పేరు పలికేలా పెద్దక్క గొంతే ఎక్కించింది.

అది విని మేనేజరు మొహం చిట్లించాడు. "ఈ మోటు గొంతేమిటి? చదువుకున్నవాళ్ల చేత చెప్పించండి."

"వినాల్సింది మేము సార్," అంది పెద్దక్క, తడి చేతులు నడుముకి ఆనించి. "మీకు నచ్చకపోతే చెవులు మూసుకోండి."

ఇంజనీరమ్మ పక్కున నవ్వింది. పని మళ్లీ ఆగుతుందని భయపడ్డాడో ఏమో, మేనేజరు గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆ గొంతు ఇప్పటికీ ఆ గదిలో ఖంగుమంటూనే ఉంది.