సూరత్ చూసి వచ్చిన టీచరు

ఆర్మూర్ బస్టాండ్ గేటు పక్కన వెంకవ్వ ఆకుకూరలు అమ్మేది. నిజామాబాద్ బస్సు దిగినవాళ్లు ఆమె బుట్ట దాటే ఊళ్లోకి పోవాలి. షహర్బానో టీచర్ ఆ బుట్ట దగ్గర ఆగకుండా పోయేది కాదు. వెంకవ్వ మనవరాలు టీచర్ తరగతిలోనే చదివేది. అందుకని పుంటికూర కట్టతో పాటు ఇంటి సంగతి ఒకటి ఆమె చెప్పేది, బడి సంగతి ఒకటి ఈమె చెప్పేది.

1994 అక్టోబరులో ఒక పొద్దున టీచర్ బస్సు దిగింది. చేతిలో బట్టల సంచి ఉంది. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. యాడికి పోయి వస్తున్నావని వెంకవ్వ అడిగింది.

“సూరత్ చూసి వస్తున్న వెంకవ్వా,” అంది టీచర్. “ఇగ నా పానం నిమ్మలమైంది.”

వెంకవ్వ కట్ట తీసింది. ఎప్పుడూ చేతికి ఇచ్చేది, ఆ రోజు గేటు గోడ మీద పెట్టింది. టీచర్ దాన్ని తీసి సంచిలో వేసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆమె దృష్టి వేరే చోట ఉంది.

పాఠకులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సూరత్ పట్నంలో ప్లేగు పుట్టిందని పేపర్లు రాశాయి. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గోలీలు దొరకలేదు. జనం ముక్కుకు దస్తీ కట్టుకుని తిరిగారు. మన జిల్లాల నుంచి సూరత్ మగ్గాల మీద పనికి పోయిన నేతవాళ్లు రైళ్లెక్కి ఇళ్లకు వచ్చారు. ఆర్మూర్‌కు ప్లేగు రాలేదు. ఆ సంగతి ఇప్పుడు మనకు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలియదు.

షహర్బానో పనిచేసే బడి పెర్కిట్ పోయే తొవ్వలో, పసుపు గోదాము వెనుక ఉండేది. తల్లిదండ్రుల కమిటీ నడిపే చిన్న బడి. కమిటీ పెద్ద హన్మయ్య పసుపు వ్యాపారి. పేపర్లో వార్త రాగానే కమిటీ బడి మూసింది. దసరా సెలవులు అందులోనే కలిసిపోయాయి. పండుగ అయ్యాక ఊళ్లో మిగతా బళ్లు తెరిచారు. ఈ బడి మాత్రం తెరవలేదు.

దానికి కారణం గోడ మీద పెట్టిన ఆ పుంటికూర కట్ట. వెంకవ్వ చెడ్డ మనిషి కాదు. బడి తెరిచినా మనవరాలిని కొన్నాళ్లు పంపవద్దని కోడలికి చెప్పింది, అంతే. కోడలు నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లకు చెప్పింది. నల్లా దగ్గర నుంచి ఆ మాట హన్మయ్య దుకాణానికి చేరేసరికి టీచర్ సూరత్‌లో చుట్టాల ఇంట్లో ఉండి వచ్చిందనీ, ఆ ఇంట్లో ఒకరు చనిపోయారనీ అయింది. చనిపోయిన మనిషికి ఎవరో పేరు కూడా పెట్టారు.

టీచర్‌ను అడిగినవాళ్లు లేరు. పాలు పోసే ఆమె గిన్నె గడప బయట పెట్టమంది. పక్కింటివాళ్లు కిటికీ మూశారు. ఊరంతా ఆ రోజుల్లో అట్లాగే ఉంది కాబట్టి టీచర్‌కు అనుమానం రాలేదు. హెడ్మాస్టర్ గంగాదాస్ ఇల్లు ఆమె ఇంటి వెనుక గల్లీలోనే. అడిగితే ఆమె నొచ్చుకుంటుందని ఆయన అడగలేదు.

నిజంగా సూరత్ నుంచి వచ్చిన మనిషి ఒకడు ఆ బడి పక్కనే ఉన్నాడు. పేరు తుకారాం. మగ్గం పని. వచ్చిన రోజే తనంతట తాను సర్కారు దవాఖానకు పోయాడు. డాక్టర్ గోలీలు ఇచ్చి, ఇంట్లో ఒక అర్రలో వేరుగా ఉండమని, మళ్లీ వచ్చి చూపించుకొమ్మని చెప్పాడు. తుకారాం అట్లాగే చేశాడు. జ్వరం రాలేదు. ఇక తిరగవచ్చని డాక్టర్ చెప్పాడు. డాక్టర్ చెప్పింది దవాఖానలోనే ఉండిపోయింది.

తుకారాం కూతురు గంగజల రెండో తరగతి. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూలతో చిన్న బతుకమ్మ పేర్చుకుని వాడకట్టు ఆడవాళ్ల మధ్య పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కొక్కరే తమ బతుకమ్మలు ఎత్తుకుని నాలుగిళ్ల అవతలకు పోయి ఆట మొదలుపెట్టారు. గంగజల కాసేపు తన బతుకమ్మ చుట్టూ ఒక్కతే చప్పట్లు కొడుతూ తిరిగింది. తర్వాత తల్లి వచ్చి లోపలికి తీసుకుపోయింది.

పండుగ వెళ్లిన తర్వాతి ఆదివారం బడి వరండాలో మీటింగ్ పెట్టారు. బడి తెరవాలా వద్దా అన్నదే సంగతి.

గంగాదాస్ సార్ ముందుగా డాక్టర్ మాట చెప్పాడు. జిల్లాలో ఈ రోగం ఎవరికీ లేదు. జ్వరం, దగ్గు ఉన్న పిల్లను ఇంట్లో ఉంచి దవాఖానలో చూపించాలి, మిగతావాళ్లు బడికి రావచ్చు.

తర్వాత హన్మయ్య లేచాడు. ఆయన గొంతు పెద్దది కాదు.

“సారూ, బడి మూస్తే ఒక ఏడాది చదువు పోతది. మల్ల సంవత్సరం సదువుకుంటరు. పిల్ల పోతే మల్ల వస్తదా? డాక్టర్ సాబ్ మంచోడే. మా పెద్దపిల్లకు జొరమొచ్చినప్పుడు గూడ ఒక డాక్టర్ ఏం ఫికర్ లేదన్నడు.”

ఆ పిల్ల సంగతి అక్కడ అందరికీ తెలుసు. మెదడువాపు జ్వరంతో పోయింది. రెండో పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి.

నీలవ్వ మాట్లాడింది. ఆమె పసుపు చేన్లలో కలుపు తీసే కూలి. మక్కజొన్న కంకులు ఒలిచే పని కూడా అప్పుడే మొదలైంది. ఇంట్లో చూసేవాళ్లు లేక కూతురిని వెంట తీసుకుపోతోంది.

“సేటూ, నీ పిల్ల ఇంట్ల ఉంటే మీ ఆడామె సూస్తది. నా పిల్లను సూసెటోళ్లెవరు? మొన్న బావిగడ్డన ఒక్కతి కూసోని కాళ్లు ఊపుతున్నది. సూస్తే నా గుండె జారింది. ఇప్పుడు మక్కలు ఒలుసుడు నేర్సింది. ఆసామి మస్తు ఖుష్ అయితుండు. ఇంకో నెలైతే మా పిల్లకు గదే బడైతది.”

కొందరు తలలూపారు. హన్మయ్య కూడా కాదనలేదు. కాసేపు ఆలోచించి అసలు మాట బయట పెట్టాడు. బడి తెరవడానికి తనకు అభ్యంతరం లేదు. షహర్బానో టీచర్ ఈ ఏడాదికి రావద్దు. రెండో తరగతికి వేరే మనిషిని చూద్దాం.

గంగాదాస్ సార్ తల దించుకున్నాడు. అప్పుడే టీచర్ గేటు లోపలికి వచ్చింది. ఆలస్యమైందని చెప్పి బెంచీ చివర కూర్చోబోయింది. ఆ బెంచీ మీద ఉన్న ఇద్దరు లేచి నిలబడ్డారు. తనకు చోటు ఇస్తున్నారనుకుని కూర్చోండని ఆమె వాళ్లకు చెప్పింది. వాళ్లు కూర్చోలేదు. ఆమె చుట్టూ చూసింది.

“ఏమైంది సార్?” అంది.

వెనుక నుంచి వెంకవ్వే చెప్పింది. “ఏం లేదు టీచరమ్మా. నువ్వు సూరత్ పోయొస్తివి గద. అందరికి జర భయమున్నది.”

“నేను సూరత్ పోయిన్నా? ఎవరు చెప్పిండ్రు?”

“నువ్వే చెప్తివి. బస్సు దిగి, సూరత్ సూసి వస్తున్న అంటివి. పానం నిమ్మలమైంది అని గూడ అంటివి.”

టీచర్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆమె కూతురు బోధన్‌లో ఉంటుంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. దిష్టి తగులుతుందని నలభై రోజులు నిండేదాకా బయట చెప్పవద్దని ఇంట్లో అనుకున్నారు. టీచర్ పోయి పిల్ల ముఖం చూసి వచ్చింది. వాళ్లు ఇంట్లో మాట్లాడే ఉర్దూలో ముఖాన్ని సూరత్ అంటారు. చెప్పకూడదనుకున్న సంతోషం వెంకవ్వ దగ్గర సగం మాటగా బయటపడింది.

“బిడ్డ సూరత్,” అంది టీచర్, రెండు చేతులు తన ముఖానికి పెట్టుకుని చూపిస్తూ. “ముఖం వెంకవ్వా, ముఖం. నా మనుమరాలి ముఖం.”

ఆ మాట ఆర్మూర్‌లో తెలియనివాళ్లు లేరు. తురక గల్లీ పక్క ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లే అందరూ. ఆ నెలలో మాత్రం ఆ మాటకు ఒక్క అర్థమే మిగిలింది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. నీలవ్వ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “అవ్వా, పుంటికూర అమ్ముకోక పేపర్ నడుపుతున్నవా?” అని ఎవరో వెంకవ్వను ఆట పట్టించారు. వెంకవ్వ నెత్తి కొట్టుకుంది. హన్మయ్య కూడా నవ్వి, “గిట్లనే ఉంటది. తప్పైంది టీచరమ్మా. సారూ, రేపే బడి తెరువుండ్రి,” అన్నాడు. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

టీచర్ నవ్వలేదు. బెంచీ మీద నుంచి లేవలేదు.

“హన్మయ్య భాయ్,” అంది. “రేపు గంగజల బడికి వస్తదా?”

అందరూ గేటు వైపు చూశారు. గేటు బయట తుకారాం నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు కనుక రాలేదు. గంగజల అతని లుంగీ అంచు పట్టుకుని ఉంది.

“అది వేరే సంగతి,” అన్నాడు హన్మయ్య. “వాడు నిజంగనే సూరత్‌కెళ్లి వచ్చిండు.”

“నేను గూడ నిజంగనే పోయి ఉంటే? నా బిడ్డ ఇల్లు బోధన్‌ల కాక సూరత్‌ల ఉంటే? అప్పుడు గీ నవ్వులుండవు. నన్ను రావద్దని చెప్పి పంపుదురు. నేను తప్పు చేయలేదని గాదు, ఊరు పేరు తప్పు విన్నరని నన్ను రానిస్తుండ్రు. నాకు గట్ల వచ్చుడు ఇష్టం లేదు.”

ఆమె గొంతు తగ్గించింది.

“భాయ్, మీ పెద్దపిల్ల దవాఖానల ఉన్నప్పుడు నేను పక్కన కూసున్న. నా చెయ్యి పట్టుకొని పండుకునేది. గా పిల్ల దగ్గరికి పోవద్దని ఎవరన్న నాకు చెప్తే, నేను రాకపోతే, మీకు ఎట్లుండేది?”

హన్మయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“మీకు భయమున్నది. తప్పు కాదు,” అంది టీచర్. “నాకూ ఉన్నది. నేను గూడ మనుమరాలి దగ్గరికి దస్తీ కట్టుకొనే పోయిన. భయమైతే అడుగుండ్రి. జొరం ఉన్నదా, దగ్గు ఉన్నదా, డాక్టర్ ఏమన్నడు అని అడుగుండ్రి. నన్ను ఒక్కరు అడిగినా ఇంత కథ కాకపోవు. తుకారామన్నను గూడ ఎవరూ అడగలే.”

హన్మయ్య మెట్లు దిగాడు. గేటు దగ్గరకు పోయి కొంచెం దూరంలో ఆగాడు.

“తుకారాం, పానం ఎట్లున్నది?”

“మంచిగున్నది సేటూ.”

“పిల్లకు?”

“మంచిగనే ఉన్నది. దవాఖానల సూపెట్టిన. బడి ఎప్పుడని రోజు అడుగుతది.”

హన్మయ్య ఇంకో రెండడుగులు వేశాడు. గేటు గడియ ఆయనే తీశాడు.

గంగజల ముందు తండ్రి వైపు చూసింది. తర్వాత టీచర్‌ను చూసి వరండా దాకా పరుగెత్తింది. టీచర్ ఆ పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. చేతులు తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. బోధన్‌లో మనవరాలికి కూడా అట్లాగే విరిచి వచ్చింది. వెంకవ్వ ముందుకు వచ్చి తానూ విరిచింది. ఆమె మెటికలు గట్టిగా పలికాయి. బతుకమ్మ నాడు తన బతుకమ్మ ఎత్తుకుని పోయినవాళ్లలో ఆమె కూడా ఉంది.

“మల్ల ఏడాది నా పక్కన పెడుదువు బిడ్డా,” అంది.

మర్నాడు బడి తెరిచారు. గంగాదాస్ సార్ గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్లనూ జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగి లోపలికి పంపాడు. ఏ వాడ అని గానీ, ఎవరి పిల్ల అని గానీ అడగలేదు. నీలవ్వ కూతురు మక్కలు ఒలిచి పొక్కిన వేళ్లతో పలక పట్టుకుంది. హన్మయ్య పిల్ల కొంచెం దగ్గిందని ఆయనే వెనక్కి తీసుకుపోయి, తగ్గాక తెచ్చి దింపాడు.

కొన్నాళ్లకు నిజామాబాద్ బస్సు నుంచి ఒక జంట మూటలతో దిగింది. ఎక్కడి నుంచి అని కండక్టర్ అడిగితే సూరత్ అని చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు జరిగారు. వాళ్లు గేటు దాటి వస్తుంటే వెంకవ్వ పిలిచింది.

“పానం మంచిగున్నదా బిడ్డా? జొరం గిట్ల ఏమన్న ఉన్నదా?”

లేదన్నారు. సర్కారు దవాఖాన ఎటుందో చెప్పి, ఇంటికి పోయే ముందే చూపించుకొమ్మంది. పుంటికూర కట్ట తీసి ఆ జంటలో ఆడమనిషి చేతిలో పెట్టింది.

జరిగి నిలబడ్డ వాళ్లలో ఒకతను అడిగాడు, “అవ్వా, సూరత్ అన్నది ఇనలేదా?”

“ఇన్న,” అంది వెంకవ్వ. “సూరత్ అంటే ముఖం నాయనా. ముందు గది సూడాలె. ఊరి పేరు తర్వాత అడగొచ్చు.”