వేపమండలు కట్టిన తలుపు

నేను ఒక ఒంటిరెక్క తలుపుని. వేపచెక్కతో చేసినదాన్ని. నగిషీలూ ఇత్తడి బొడిపెలూ నాకు లేవు. ఒక ఇనప గొళ్ళెం, లోపలివైపు ఒక గడియ, మధ్య పలక మీద పొడుగ్గా ఒక బీట, అంతే నా సొమ్ము. నన్ను చేసిన వీరభద్రాచారి ఒకసారి వేసి, ఒకసారి తీసి చూసి, "మాట బయటికి పోనివ్వదు" అన్నాడు. అది మెచ్చుకోలో, ముందున్న కష్టాల గురించి హెచ్చరికో నాకు అప్పుడు తెలియలేదు.

మొదట నన్ను వాగొడ్డుపాలెం పొలిమేరలో పొగాకు కాల్చి ఆరబెట్టే ఒక బ్యారన్‌కి బిగించారు. లోపల కర్రల నిండా పచ్చాకు వేలాడదీసి, కింద గొట్టాల్లోకి వేడి ఎక్కించాక ఇక నన్ను తీయకూడదు. తీస్తే ఆకు రంగు పోతుంది, ఆకుతోపాటు రైతు ముఖం రంగూ పోతుంది. "తలుపు తీసిందెవర్రా" అన్న కేక వినని రోజు ఉండేది కాదు. పొగాకు గిట్టక బ్యారన్ పాడుపడ్డాక నన్ను ఊడదీసి ఊళ్ళో పాలకేంద్రానికి పెట్టారు. అక్కడ నన్ను మూయకూడదు. చీకటితోనే చెంబులూ క్యాన్లూ పట్టుకుని ఊరు ఊరంతా వచ్చేది. గాలికి నేను కాస్త దగ్గరపడితే చాలు, "తలుపు మూసిందెవర్రా" అని కేక. తలుపుని చేయించుకున్న మనుషులు సగం జీవితం తీయొద్దనీ, సగం జీవితం మూయొద్దనీ అంటే, ఇక ఆ తలుపు ఏం నేర్చుకోవాలి?

కొన్నాళ్ళకి పాలవ్యాను పెద్దరోడ్డు దగ్గరే ఆగిపోవడం మొదలైంది. కేంద్రం మూతపడింది. ఖాళీ గదికి కాపలా కాస్తూ నా మీద చెద ఎక్కుతున్న రోజుల్లో పట్నం నుంచి రోహిణి అనే ఆవిడ వచ్చింది. ఊళ్ళల్లో ఉండి దూరపు కంపెనీల ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి అందరూ కలిసి కూర్చునే గది ఒకటి పెడితే నిలబడుతుందా లేదా అని వాళ్ళ సంస్థ కొన్ని ఊళ్ళల్లో పరీక్షించి చూస్తోందట. పంచాయతీ ఈ గది ఇచ్చింది. సున్నం కొట్టించారు. బల్లలు, కుర్చీలు, ఇన్వర్టరు, నెట్ పెట్టె వచ్చాయి. "వానాకాలం పోయేదాకా చూస్తాం. వాడుకుంటే ఉంటుంది. లేకపోతే సామాను ఇంకో ఊరికి పోతుంది" అని చెప్పి రోహిణి వెళ్ళింది.

వచ్చింది ఇద్దరే. బెంగుళూరు వాళ్ళకి ఇళ్ళ ప్లాన్లు గీసే దానియేలు ఒకడు. రెండో మనిషి హైమ. ఆసుపత్రి బీమా కంపెనీలో, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, జబ్బు పడ్డవాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడే పని ఆమెది. భర్త వరికోత మిషను మీద డ్రైవరు. ఏడాదిలో సగం రోజులు ఏ జిల్లాలో ఉంటాడో అతనికే తెలియదు. ఇంట్లో ఒకటో తరగతి చదివే కూతురు, అత్త ఆదెమ్మ, ఆదెమ్మ కోళ్ళు. ఒకే గది ఇల్లు.

"ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమని చెప్పి చేరావు. మళ్ళీ దానికి ఊళ్ళో గదేంది?" అని ఆదెమ్మ మొదటిరోజే నా గడప దగ్గర నిలబడి అడిగింది.

"నీ కోళ్ళు నాకంటే ఎక్కువ మాట్లాడతన్నాయి అత్తా" అంది హైమ.

నాతో వచ్చిన చిక్కు అక్కడే మొదలైంది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఉన్న గదికి పగటిపూట తలుపు మూస్తే ఊరు ఊరుకోదు. అందుకని నన్ను బార్లా తీసి ఉంచేవాళ్ళు. తీసిన తలుపంటే ఊరికి రమ్మన్నట్టే. పైగా రోజూ పాలు పోయడానికి నడిచిన కాళ్ళు అవి, ఆ గడప వాటికి కొత్తకాదు. "ఏమ్మా, కంప్యూటర్లో నా పెన్షను పడిందో లేదో చూడు" అని ఒకరు. "ఎవురితో మాట్టాడతన్నావే, మన వాళ్ళేనా?" అని ఇంకొకరు. హైమ వేలు పెదవుల మీద పెడితే, ఆ వేలు ఎందుకు పెట్టిందో తెలుసుకోడానికి మరో ఇద్దరు లోపలికి వచ్చేవాళ్ళు.

ఒక రోజు, గుండె ఆపరేషనయిన ఒకాయన భార్య అవతల ఏడుస్తూ వివరం చెబుతుంటే, గేదె ఒకటి నా పక్కకొచ్చి తలపెట్టి అరిచింది. ఆ ఫోను మాటలు కంపెనీ వాళ్ళు విన్నారు. వచ్చే శుక్రవారం సూపర్‌వైజరు రోజంతా ఆమె లైనులో కూర్చుని వింటాడనీ, మళ్ళీ ఇలాంటి చప్పుడు వినబడితే హైదరాబాదు ఆఫీసుకి వచ్చి పనిచేయాలనీ, రాలేకపోతే మానుకోవాలనీ చెప్పేశారు.

"పిల్లని వదిలి వెళ్ళలేను. తీసుకెళ్ళి అక్కడ ఎవరి దగ్గర పెట్టను?" అని హైమ దానియేలుతో అంటుంటే ఆదెమ్మ బయట నిలబడి వింది. నా బీట మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం దానియేలు గది ఆమెకే వదిలి, చర్చి వరండాలో పని చేసుకుంటానని పోయాడు. హైమ నన్ను వేసి, లోపల గడియ పెట్టింది. పగలు మూసిన తలుపుని తట్టకుండా పోయే మనిషి మా ఊళ్ళో లేడని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. బ్యారన్‌లో ఉన్నప్పుడు కూడా నేను అంత బిగుసుకుని లేను.

అప్పుడు ఆదెమ్మ వచ్చింది. ఒడినిండా వేపమండలు. గొళ్ళానికి ఒక గుత్తి, గుమ్మం పైచెక్కకి ఒక గుత్తి కట్టి, ఎదురింటి అరుగు మీద కూర్చుంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వాకిట వేపమండలు కట్టారంటే ఆ లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఒళ్ళంతా పొక్కులతో పడుకున్న మనిషి రూపంలో ఆ తల్లే వచ్చి ఉందని నమ్మకం. ఆ ఇంట్లోకి పరాయివాళ్ళు పోరు. తాలింపు పెట్టరు. గట్టిగా మాట్లాడరు.

మొట్టమొదట తట్టడానికొచ్చిన పెన్షను ముసలాయన చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, వెనక్కి నడిచాడు. గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు వేరే సందులోంచి తిప్పారు. ఎక్కడో రేడియో ఆగింది. వేపచెక్కనైన నా మీద నా జాతి ఆకులే వేలాడుతుంటే, నా ఇన్నేళ్ళ బతుకులో నాకు దొరకని మర్యాద ఆ రెండు గుత్తులు తెచ్చిపెట్టాయి. లోపల హైమ గొంతు నిదానంగా, తేటగా సాగుతోంది. "అర్థమైందండీ. మీరు కంగారుపడకండి. డిశ్చార్జి కాగితం దగ్గరుందా?"

మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఆడవాళ్ళు చేరారు. ఒకరు పసుపునీళ్ళ చెంబు తెచ్చిపెట్టారు, ఒకరు చల్లన్నం. పక్కింటి వెంకాయమ్మ ఆదెమ్మ చెవిలో అంది. "కోడలికేనా?"

ఆదెమ్మ తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

"ఊరుమ్మడి గదిలో పోసిందంటే ఊరందరి మీదా చూపు పడ్డట్టే. డప్పుకి కబురు పంపాం. డప్పుతో నీళ్ళు తీసుకెళ్ళి గుడికాడ తల్లికి పోసొద్దాం."

ఆదెమ్మ అరుగు మీంచి లేచింది. సరిగ్గా అప్పుడే చెప్పాపెట్టకుండా రోహిణి కారు దిగింది. గది ఎలా నడుస్తోందో, చెప్పి వస్తే తెలియదని అనుకుని వచ్చింది. రెండడుగులు వేసిందో లేదో నలుగురు చేతులడ్డం పెట్టారు.

"పోబాకమ్మా. లోపల అమ్మవారు."

ఆమె అర్థంకాక చూసి, అమ్మవారంటే ఏమిటో ఒకరు చెవిలో చెప్పాక ఫోను తీసింది. "అంటుజబ్బు మనిషిని నలుగురు వాడుకునే గదిలో పెట్టారా? ఈ గది ఇవాళే తాళం వేయించాలి" అంది. అంతమంది గుసగుసల మధ్య ఆమె కూడా గుసగుసగానే అంది.

వీధి చివర డప్పు మీద ఒక దెబ్బ పడింది. మంటకి కాచి చూస్తున్నారు, చర్మం బిగిసిందో లేదోనని. ఇంకొకటి పడింది. లోపల హైమ మాట ఒక్క క్షణం తడబడింది.

ఆదెమ్మ నాకు వీపు ఆనించి నిలబడింది. ఆమె గుండె నా పలకని కొట్టడం నాకు తెలుస్తోంది.

"డప్పు ఆపమనండి. ఎవురికీ ఏమీ పోయలేదు. మండలు నేనే కట్టా."

"ఏందీ?" అంది వెంకాయమ్మ.

"సందకాడ దాకా దాని లైను మీద పైవాడు కూర్చుని ఇంటన్నాడు. చప్పుడొస్తే ఉద్యోగం పోద్ది. మీరు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వొచ్చి తలుపు కొడతారు. నేనేం చెయ్యను?"

"అమ్మవారి పేరుతో ఆటలా ఆదెమ్మా? ఆ తల్లి ఊరుకుంటదా?"

"ఆ తల్లి పేరు నేను ఎత్తలేదు. ఆకు కట్టా. మీ నోళ్ళు మూయించే ఆకు ఇంకోటుంటే చెప్పండి, దాన్నే కడతా."

వెంకాయమ్మ ముఖం జేవురించింది. ఆమెకి అరవాలని ఉంది. అక్కడున్న ప్రతి మనిషికీ అరవాలనే ఉంది. కానీ మండలు అబద్ధానికి కట్టారని తెలిశాక కూడా, మండల కింద గొంతు పెంచే ధైర్యం ఒక్కరికీ లేదు. నేను ఎన్నో పోట్లాటలు విన్నాను గానీ, గుసగుసల్లో జరిగిన పోట్లాట అదొక్కటే. తిట్లు కూడా ఊపిరిలోనే తిట్టుకున్నారు. చివరికి వెంకాయమ్మే కొడుకుని డప్పు దగ్గరికి ఉరికించి, "నువ్వు వచ్చే మంగళవారం తల్లికి పొంగలి పెట్టి తప్పు ఒప్పుకోవాల" అంది ఆదెమ్మతో.

"పెడతా. ఈపూట పోనీండి."

రోహిణి ఫోను ఇంకా చేతిలోనే ఉంది. "నేను తలుపు తీసి చూడాలి" అంది.

"తీస్తే చప్పుడైద్ది" అంది ఆదెమ్మ. పక్కకి తప్పుకోలేదు.

రోహిణి ఆమెను చూసింది, ఆకుల్ని చూసింది. తర్వాత వంగి నా బీటకి చెవి ఆనించింది. లోపల హైమ మాట చాలాసేపు విని, చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది. ఆ వెనక ఒకరొకరే కూర్చున్నారు. వెళ్ళిపోవచ్చు, కానీ ఏమవుతుందో తెలియకుండా ఎవరు వెళతారు?

పొద్దు వాలుతుండగా గడియ కదిలింది. హైమ నన్ను తీసింది. ఎదురుగా సగం ఊరు, నేల మీద, నోరు మెదపకుండా. పైన వేపాకు. ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవురూ పోలేదు. ఏమన్నాడు చెప్పు" అంది ఆదెమ్మ.

"ఇక్కడే చేసుకోమన్నాడు." హైమ గుమ్మం పట్టుకుంది. "మధ్యలో రెండు దెబ్బలు వినబడ్డాయి, ఉరుమా అని అడిగాడు. మా ఆఫీసులో కూడా ఇంత నెమ్మది లేదన్నాడు. ఏం చేశారత్తా?"

అప్పుడు అరిచారు. పొద్దుటినుంచీ దాచుకున్నదంతా అరిచారు. మండలు విప్పింది ఎవరో కూడా ఆ గోలలో నాకు తెలియలేదు.

ఆదెమ్మ మంగళవారం పొంగలి పెట్టింది. రోహిణి గదికి తాళం వేయించలేదు. బదులుగా, లోపలివాళ్ళు కనబడాలి గానీ వాళ్ళ మాట బయటికీ, ఊరి మాట లోపలికీ పోకూడదని ఒక మందపాటి అద్దం తలుపు పంపింది. మూసినా ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేని తలుపు. నన్ను ఊడదీసి పక్కగోడకి ఆనించారు. పాత కలప కొనేవాడు ఒకసారి వచ్చి నా బీటలో గోరు పెట్టి చూసి వెళ్ళాడు.

ఊరు అద్దానికి అలవాటు పడింది. మాట లోపలికి పోదని తెలిసి చేతులతో అడుగుతున్నారు. నిన్న వెంకాయమ్మ అద్దం ముందు నిలబడి, ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపించి, ఏం కూర అన్నట్టు చెయ్యి తిప్పింది. హైమ ఎవరికో ధైర్యం చెబుతూనే, రెండు చేతులూ దూరంగా పెట్టి పొడుగు చూపించింది. ములక్కాయ. వెంకాయమ్మ తృప్తిగా వెళ్ళిపోయింది.

ఆదెమ్మ మాత్రం అద్దం ముందుకి పోదు. సాయంత్రం కాగానే మనవరాలిని తీసుకొచ్చి, గోడకున్న నన్ను ఆనుకుని కూర్చుంటుంది. వినబడని కోడలి మాటని పెదవుల మీద చూస్తూ, అప్పుడప్పుడూ తనూ తల ఊపుతుంది.