రెండు మొక్కులు

ముత్తవ్వకు క్యాన్సరన్న సంగతి బాన్సువాడలో ఆమెకు తప్ప అందరికీ తెలుసని మొగుడు పండరి లెక్క. తెలియదూ మరి! ఆమెకు చెప్పొద్దంటూ బస్టాండు నుంచి రైస్‌మిల్లు దాకా కనిపించినవాళ్లందరి చేతా ఒట్టు వేయించుకున్నది ఆ మహానుభావుడే. తెలిస్తే పెళ్లాం బెంగతోనే పోతుందని అతని భయం. ముప్పై ఏళ్ల కాపురంలో పొయ్యి మీద చాయ్ పెట్టి ఎరగని మనిషి, భయపడక ఏం చేస్తాడు?

హైదరాబాద్ దవాఖానలో ఇచ్చేవి కడుపులో గడ్డను కరిగించే సూదులని నమ్మబలికాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ జుట్టు రాలుతుందని డాక్టర్ అన్నాడే! దానికేం చెప్పాలి? మూడు రోజులు బుర్ర గోక్కుని ఒక ఉపాయం పట్టాడు.

"నీ కడుపునొప్పి తగ్గాలని గుట్ట మీది ఎంకన్నకు మొక్కిన ముత్తవ్వా. నీ తలనీలాలిస్త అన్న."

ముత్తవ్వ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నీ మొక్కుకు నా ఎంటికలా? మంచిగనే ఉంది. నేను గూడ మొక్కిన. నీ తల, నీ మీసం."

పండరి ప్రాణం ఉసూరుమంది. ఆదివారం ఆదివారం రంగేసుకుని మురిసిపోయే జుట్టు అది. కాదందామంటే, ఆమె మొక్కు కొట్టేస్తే తన మొక్కు నిలుస్తుందా? "సరే తియ్" అన్నాడు ఏడుపు మొహంతో.

గుట్ట మీద ముందు అతని పనే అయింది. తర్వాత ముత్తవ్వ కూర్చుంది. గుండ్లు గీసే వెంకటేశం సగం గీశాడో లేదో, మిగతా జుట్టు గుప్పెడు ఊడి చేతికొచ్చింది. అతను బిత్తరపోయాడు.

"ఎండలకు! ఎండలకు రాల్తది!" అని అరిచాడు పండరి.

"సూదులకు రాల్తది" అంది ముత్తవ్వ. "గది క్యాన్సరని తొలి స్కానింగ్ నాడే డాక్టర్ను అడిగి తెలుసుకున్న. నీకు చెప్పొద్దని బిడ్డతోని ఒట్టేయించుకున్న. నీ గుండె ఆగుతదని నా ఫికర్."

కూతురు మహేశ్వరి తండ్రికీ అదే ఒట్టు వేసింది, పాపం.

"మరి నాకెరుకని నీకెట్ల తెలిసింది?"

"పొద్దుగాల నువ్వు చాయ్ పెట్టి తెచ్చిన నాడే తెలిసింది. ముప్పై ఏండ్లల్ల ఎన్నడన్న తెచ్చినవా?"

"అయితే నా తల, మీసం ఎందుకు తీయించినవే?"

"నేనొక్కదాన్నే గుండుతోని తిరిగితే ఎరుక లేనోళ్లు గూడ రోగమనుకుంటరు. ఇద్దరం తిరిగితే మొక్కనుకుంటరు."

పండరికి ఏడుపొచ్చింది. పదిమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. వెంకటేశం కంగారుపడి, "కత్తి గాటు పడ్డదా అన్నా?" అన్నాడు.

సగం గీసిన తలతోనే ముత్తవ్వ లేచింది. గంధం గిన్నె తీసుకుని మొగుడి గుండుకు మెల్లగా రాసింది.

"గాటేం లేదు తమ్మీ. రెండు నెలల సంది ఆపుకున్నడు. జర ఏడ్వనియ్."