ఉత్త నీళ్లలో బయటపడ్డ నా గుట్టు

నేను వేడిని కొలిచే ఒక తీగను. థర్మోకపుల్ అంటారు. రెండు వేర్వేరు లోహాల పోగుల కొసలు కలిపి అతికితే పుట్టాను. మొదట బిస్కెట్ల ఫ్యాక్టరీ పొయ్యిలో రెండేళ్లు నిజాయతీగా పనిచేశాను. తర్వాత వరంగల్లో ఒక కాలేజీ ల్యాబుకు చేరాను. కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

అక్కడ వరదాచారి సారూ, ఆయన దగ్గర రీసెర్చ్ చేసే రుక్సానా కలిసి, కంటికి ఆనని అయస్కాంత కణాలను నీళ్లలో కలిపి, రాగి చుట్ట మధ్య పెట్టేవారు. చుట్టలో కరెంటు అటూఇటూ ఊగితే కణాలు వేడెక్కుతాయి. ఏనాటికైనా వాటిని క్యాన్సర్ గడ్డలోకి పంపి, గడ్డను మాత్రమే మాడ్చాలని వాళ్ల ఆశ. ఎంత వేడెక్కుతాయో రుక్సానా ముందే కంప్యూటర్లో లెక్క కట్టేది. సరిచూడటం నా పని.

కంప్యూటరు నలభై రెండు డిగ్రీలంది. నేను నలభై ఏడు చూపించాను.

సారుకు రుక్సానా మీద అనుమానం. ఆ పిల్లకు తన ప్రోగ్రాం మీద అనుమానం. పదిహేను రోజులు వరుస వరుసా వెతికింది. తర్వాత కణాలు అమ్మినవాడి మీద పడ్డారు. నన్ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంత గుడ్డి నమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండేది. నిజంగానే మండేది కూడా, చుట్టలో కరెంటు వచ్చినప్పుడల్లా!

"తీగ అబద్ధమాడుతుందా అమ్మా? లెక్కలో ఓ గుణకం పెట్టి సర్దెయ్. శుక్రవారం పేపర్ పంపాలి" అన్నారు సారు.

"ఈ తీగ మాట నమ్మి రేపు డాక్టర్లు ముందే ఆపేస్తే, గడ్డ బతికే ఉంటది కద సార్. ఒక్కసారి ఉత్త నీళ్లు పెట్టి చూస్తా."

కణాలు లేని నీళ్లు. వేడెక్కడానికి అందులో ఏమీ లేదు. అయినా నేను అయిదు డిగ్రీలు ఎక్కాను. ఆ అయస్కాంతపు ఊపుకు వేడెక్కింది నా లోహమేనని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

సారు బీరువా వైపు చూశారు. అందులో ఆయన పన్నెండేళ్ల ప్రయోగాల పుస్తకాలున్నాయి. అన్నీ నాలాంటి తీగలతో కొలిచినవే. ఇప్పుడు నన్ను తుక్కులో పారేసి నోరు మూసుకుంటారని నా అనుమానం. మనుషుల్ని అంతకన్నా ఎక్కువ నమ్మను.

ఆయన బీరువా తెరిచి అట్టడుగు పుస్తకం తీశారు.

"మొదట్నుంచీ మళ్లీ చూద్దాం రుక్సానా. ఉత్త నీళ్లు పట్రా."

కరెంటు ఆపి, నన్ను చుట్టలోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నారు. అరచెయ్యి చెమటతో చల్లబడి ఉంది. ముప్పై ఒకటి చూపించాను. ఆ అంకె నమ్మొచ్చు.