కింద మూడు చుక్కలు

పేరెంట్-టీచర్ అసోసియేషన్‌లో చేరడానికి అందరికీ ఏవేవో మంచి కారణాలుంటాయి. నాకున్నది ఒక వాటర్ బాటిల్. నీలం రంగు స్టీలుది. మా బుడ్డది స్కూల్లో పోగొట్టుకుని వచ్చింది. మర్నాడు పొద్దున పిల్లని ఎడాపెడా వాయించాను. చేత్తో కాదు, నోటితో.

"ఒంటి మీద ధ్యాస ఉంటే కదా! ఇంకోటి కొనేది లేదు. దాహమేస్తే కుళాయి కింద నోరు పెట్టుకో, ఫో!" అన్నాను.

తలొంచుకుని బూట్లు తొడుక్కుని వెళ్లింది. సాయంత్రం జ్వరంతో వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో పోయింది. తొమ్మిదేళ్లు దానికి.

ఇది జరిగి ఏడు నెలలైంది. నాకు ఏడుపు రావడం లేదు. వస్తుందేమోనని అందరూ నా మొహంలోకి తొంగి చూస్తుంటారు. రాకపోతే నేనేం చెయ్యను? కళ్లజోళ్ల దుకాణంలో పని నాది. ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో చెబుతాను. ఇంటికొచ్చి వండుతాను. మా ఆయన కూరలో ఉప్పు లేదంటే లేచి ఉప్పు వేస్తాను. ఆ పిల్ల నా తిట్లు మోసుకుంటూ పోయిందన్న ఒక్క సంగతి మాత్రం రోజూ, అన్నం ఉడికే టైముకి, గుర్తొస్తుంది. బాటిల్ దొరికితే ఏమవుతుందో తెలియదు. దొరకాలి, అంతే.

అసోసియేషన్ అధ్యక్షురాలు పళ్ల డాక్టరమ్మ. దరఖాస్తులో 'పిల్లల తరగతి' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోతే ఆవిడ చూసింది.

"అది ఖాళీగా ఉంచేయండి, పర్లేదు," అంది మెల్లగా. "మీకు ఏ పని ఇమ్మంటారు?"

"పోయిన వస్తువుల గది."

ఆవిడ మొహం వెలిగింది. ఆ పనికి ఎవరూ చెయ్యెత్తరు మరి. మెట్ల కింద చీకటి కొట్టు. జత లేని సాక్సులు, మూతల్లేని డబ్బాలు, చెమట కంపు కొట్టే స్వెట్టర్లు. గురువారం నాకు సెలవు. ఆ రోజు వెళ్లి, స్కూలు ఆయమ్మ వారమంతా పోగేసిన బుట్టని నేల మీద గుమ్మరిస్తాను. ఉతకాల్సినవి ఉతికి, తోమాల్సినవి తోమి అరల్లో సర్దుతాను. అసోసియేషన్ వాళ్లకి ఒకటే నియమం. వస్తువుని ముందు చూపించకూడదు, వచ్చినవాళ్లే గుర్తు చెప్పాలి. చెబితే ఇచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే ప్రతి గడుగ్గాయీ మంచి స్వెట్టరు కనబడగానే నాదే నాదే అంటుంది.

బాటిల్ కనబడితే చాలు, బోర్లించి చూసేదాన్ని. మా బుడ్డదాని బాటిల్ అడుగున నా నెయిల్ పాలిష్‌తో మూడు చుక్కలు పెట్టాను.

మొన్న గురువారం బోర్లిస్తే చుక్కలు కనిపించాయి. మూడూ ఉన్నాయి, ఒకటి సగం చెరిగింది. గుండె ఝల్లుమనడం లాంటిదేమీ జరగలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మూత తిప్పితే లోపల సగం నీళ్లు, పాచి లేదు, వాసన లేదు. ఏడు నెలల కింద పోయిన బాటిల్లో మంచినీళ్లేమిటి? ఏమైతే నాకేం అనుకున్నాను. నాది కాక ఇంకెవరిది? నా బ్యాగు జిప్పు తీశాను.

"ఆంటీ, నా బాటిల్ పోయింది."

గుమ్మంలో రెండు జడల పిల్ల, మా బుడ్డదాని ఈడుదే. ఒక జడ రిబ్బను జారి సగం ఊడిపోయింది. చేతిలోది వెనక్కి దాచి, అలవాటు కొద్దీ అడిగాను.

"గుర్తు చెప్పు."

"నీలం రంగుది. కింద మూడు చుక్కలుంటాయి, నెయిల్ పాలిష్‌వి."

"దొంగ పిల్లా! ఎక్కడ కొట్టేశావే?"

ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి. "కొట్టెయ్యలేదు ఆంటీ, ఒట్టు! నా ఫ్రెండే ఇచ్చింది. నాదీ అలాంటిదే, పోయింది. మా అమ్మ బెల్టు తీస్తుందని నేను ఏడుస్తుంటే, 'నాది పట్టుకెళ్లు, నేనే పోగొట్టానని మా ఇంట్లో చెప్తాలే' అంది."

"మరి దాన్ని వాళ్లమ్మ తిట్టదా?"

"నేనూ అదే అడిగా. 'మా అమ్మ నోరే పెద్దది, అయిదు నిమిషాల్లో మర్చిపోతుంది, మళ్లీ తనే పిలిచి జడ వేస్తుంది, ఏం కాదులే' అంది." ముక్కు ఎగబీల్చింది. "మర్నాడొక్క రోజు వచ్చింది, తర్వాత అది స్కూలుకే రాలేదు. చచ్చిపోయిందంట. తిరిగిచ్చేద్దామంటే వాళ్లిల్లు నాకు తెలీదు ఆంటీ."

నిజమే. ఆ సాయంత్రం దాని నుదుటి మీద చెయ్యి వేసేటప్పటికి బాటిల్ సంగతి నాకు గుర్తే లేదు. పోయాకే గుర్తొచ్చింది. నేను మర్చిపోతానని దానికి ముందే తెలుసు. తెలిసే తలొంచుకుని నిలబడి తిట్లు తింది, దొంగ మొహం.

బాటిల్ బల్ల మీద పెట్టి పుస్తకం తెరిచాను. ఆ పిల్ల వంకర అక్షరాలతో సంతకం చేసింది. బాటిల్ అందుకోబోతుంటే నా గొంతు లేచింది.

"ఒంటి మీద ధ్యాస ఉండక్కర్లేదా? ఎంత మంచి బాటిల్ అది! ఇంకోసారి పోగొట్టావంటే కుళాయి కింద నోరు పెట్టుకో, ఫో!"

మెట్ల పైదాకా వినబడే ఉంటుంది. ఏడు నెలల తర్వాత అరిచాను. ఆ పిల్ల వణకలేదు, పారిపోలేదు. బాటిల్‌ని రెండు చేతులా పొట్టకి అదుముకుని, నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇలా రా," అన్నాను. "జడ ఊడిపోయింది."