వెనక నిలబడే మనిషి

కెమెరా అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. దాన్ని బండికి బిగించడానికి పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడున్నరైనా పని కాలేదు. ఈలోపు నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను, రెండుసార్లు కంచం ముందు కూర్చుని లేచాను, ఒకసారి స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టాను. గోడకేం కాలేదు. స్క్రూడ్రైవరు పిడి చిట్లింది.

"ఏరా, ఇంకా అవ్వలేదా?" అని మెట్ల మీద నుంచి మా అమ్మ అడిగింది. పాత స్వెట్టరు విప్పి ఊలు ఉండ చుట్టుకుంటూ పొద్దున్నుంచీ నన్ను కాపలా కాస్తోంది.

"వైరు మంచిది కాదమ్మా. చవక సరుకు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే. నా కోడలు ఏరి కొన్నది చవక సరుకెలా అవుతుందిరా?"

కోడలంటే నా పెళ్లాం. పెళ్లికి ముందు అమ్మకి మేనకోడలు. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఇంట్లో మన పక్షాన మాట్లాడే మనిషి ఒక్కరూ మిగలరని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

గాజు కోసే దుకాణం నుంచి కొత్తగా కడుతున్న ఇళ్లకి కిటికీ అద్దాలు చేరవేయడం మా పని. పదకొండేళ్లుగా ఇద్దరం కలిసే చేస్తున్నాం. పికప్ ట్రక్కు తొట్టి మధ్యలో పొడుగాటి చెక్క చట్రం ఉంటుంది. గాజు పలకల్ని దానికి ఆనించి కడతాం. చట్రానికి ప్లైవుడ్ కొట్టి ఉండటంతో క్యాబులోంచి వెనక్కి చూస్తే చెక్క తప్ప ఏమీ కనపడదు. తల బయటపెట్టి చూద్దామంటే, రెండేళ్ల కిందట పెద్ద పలక ఎత్తుతూ పట్టేసిన మెడ ఈనాటికీ భుజం దాటి తిరగదు. బండి వెనక్కి తీయాల్సినప్పుడల్లా మొదట్నుంచీ ఆమె దిగి వెనక నిలబడుతుంది. మెడ పట్టేశాక ఆమె లేందే అసలు కుదరదు.

కుడి, ఎడమ అనే మాటలు మా మధ్య లేవు. పెళ్లయిన కొత్తలో, తను నాకేసి తిరిగి నిలబడి "కుడి" అంటే అది తన కుడో నా కుడో తేలక ఒకాయన ప్రహరీగోడ పడగొట్టాం. ఆ రోజు నుంచి నేను కూర్చునే వైపు "నీ వైపు", తను కూర్చునే వైపు "నా వైపు". "రానీ, రానీ... నా వైపు జానెడు... ఇప్పుడు నీ వైపు... ఆఁ, రానీ." ఆ గొంతు వినపడితే చాలు, కళ్లు మూసుకుని కూడా బండి పెట్టగలను.

ఆ గొంతే కొంప ముంచింది. పోయిన నెల పెద్ద గోడౌను ఒకదానికి అద్దాలు తీసుకెళ్లాం. రెండు లారీల మధ్య మా బండి పట్టీ పట్టని సందు ఉంది. ఆమె దిగి, చెయ్యెత్తి, నాలుగు మాటల్లో బండిని లోపలికి తెచ్చేసింది. అక్కడి యార్డు మేనేజరు చూశాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. వచ్చే లారీలన్నింటినీ వెనక్కి తెప్పించి సరుకు దించే గట్టుకి ఆనించే పని, సోమవారం నుంచి రమ్మన్నాడు. వచ్చేదీ లేనిదీ శనివారం ఐదింటిలోపు చెప్పాలి.

"నేను పదకొండేళ్లు ఒక్క బండినే చూశాను బావా. అక్కడ రోజుకి అరవై లారీలు వస్తాయి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో వెలుగు చూసి నాకు సంతోషం కలగలేదు. ఆ రోజు అన్నం సగంలో వదిలేశాను. ఆ సంగతి ఆమె చూసింది.

నిన్న ఈ కెమెరా పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది బిగించుకో. రేపు ఐదింటిలోపు నేను వెనక నిలబడకుండా బండి షెడ్డులో పెట్టి చూపించు. పెడితే వస్తానని ఫోన్ చేస్తా. పెట్టలేకపోతే రానని చెప్పేస్తా. ఆ మెడతో నిన్ను వదిలేసి వెళ్లి నేనక్కడ మనసుపెట్టి పని చేయలేను."

"ఎలక్ట్రీషియన్ని పిలవనా?" అని కూడా అడిగింది.

"ఎందుకు, నాకు చేతులు లేవా?" అన్నాను. రోషం అలాంటిది. నాకిష్టం లేని పనిని నా చేతుల్తో నేనే తలకెత్తుకున్నాను.

కెమెరా బిగించడం పెద్ద విద్యేం కాదు. నంబరు ప్లేటు పైన రెండు స్క్రూలతో దాన్ని పెట్టాలి. దాని తోకని ప్లేటు వెనకనుంచి కిందికి దించి, పొడుగాటి కేబులుతో జాయింటు కలపాలి. కేబుల్ని బండి అడుగునుంచి, పొగగొట్టానికి తగలకుండా లాక్కొచ్చి, క్యాబులోకి తెచ్చి, డ్యాష్‌బోర్డు మీది తెరకి తగిలించాలి. గేరు రివర్సులో వేస్తే వెనక తెల్ల లైటు వెలుగుతుంది కదా, ఆ లైటు వైరునుంచే కెమెరాకీ కరెంటు ఇస్తే సరి. గేరు వేయగానే తెర మీద వెనక ఉన్నదంతా కనపడుతుంది.

కనపడాలి. నాకు కనపడలేదు. పొద్దున్నుంచీ బండి కిందికి దూరడం, బయటికి రావడం, తాళం తిప్పడం, గేరు వేయడం, నల్లటి తెర చూసుకుని మళ్లీ దూరడం. కాలు కాలిన పిల్లిలా ఆ బండి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. ఒక మనసు త్వరగా వెలిగితే బాగుండు అంటుంది. ఇంకొకటి అసలు వెలగకపోతే బాగుండు అంటుంది. ఈ రెండింటి మధ్య నా బుర్ర పనిచేయడం ఎప్పుడో మానేసింది.

నాలుగూ పావుకి అసలు తప్పు దొరికింది. కెమెరా వైరుని తెల్ల లైటుకి కాదు, పక్కనే ఉన్న ఎర్ర లైటుకి కలిపాను. ఏడు గంటలు! పుట్టినప్పట్నుంచీ బండ్ల మీదే బతికినవాణ్ణి. సిగ్గేసి, మెట్లకేసి చూశాను. అదృష్టం, ఊలు ఉండ తీసుకుని అమ్మ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

వైరు మార్చి, క్యాబులోకి వెళ్లి తాళం తిప్పి గేరు వేశాను. తెర ఒకసారి మినుకుమని వెలిగింది. షెడ్డు కనపడింది. షెడ్డంటే మా ఇంటి గోడకీ పక్కింటి గోడకీ మధ్య రేకులు కప్పిన సందు. అటు జానెడు, ఇటు జానెడు మిగులుతుంది. చివర గోడకి ఆనించిన నిచ్చెన, దాని మెట్ల మీద ఆరేసిన గుడ్డ, గుడ్డ మీది నూనె మరక, అన్నీ కనపడ్డాయి. బండి ఎటు పోతుందో చెబుతూ పచ్చగీత, పసుపుగీత, ఎర్రగీత. నా గుండెల్లో రాయి పడింది. ఇది నాకు చాలు. ఇక ఆమె అక్కర్లేదు.

వెనక్కి వెళ్లాను. జాయింటుకి టేపు చుట్టడం ఒక్కటే మిగిలింది. టేపు చేతిలో పట్టుకుని నంబరు ప్లేటు ముందు గొంతుక్కూర్చున్నాను. ఆ కెమెరా నల్లటి కన్ను నన్నే చూస్తోంది. సోమవారం పొద్దున బండి ఎక్కితే పక్క సీటు ఖాళీ. దారిలో వాళ్లనీ వీళ్లనీ తిట్టుకుంటే నవ్వే మనిషి ఉండదు. వేరుశనగలు ఒలిచి చేతిలో పెట్టే మనిషి ఉండదు. సంపాదన గురించి కాదు, ఆ సీటు గురించే నాకు భయం. మగాడివి, నలభై దాటినవాడివి, సీటు ఖాళీగా ఉంటుందని భయమేమిటని ఎవరైనా నవ్వినా నవ్వొచ్చు.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. చెయ్యి ప్లేటు కిందికి పోనిచ్చి, జాయింటుని పట్టుకుని, కొంచెం లాగాను. పూర్తిగా ఊడలేదు, వదులైంది అంతే. చూసేవాళ్లకి ఏదో లూజ్ కాంటాక్ట్ అనిపిస్తుంది. టేపు చుట్టను జేబులో వేసుకున్నాను.

మొహం కడుక్కుని వచ్చేసరికి పావుతక్కువ ఐదు. ఆమె ఫోన్ పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

"అయిందా బావా?"

"అయినట్టే ఉంది. చూద్దాం."

క్యాబులో కూర్చున్నాను. తలుపులు రెండూ పొద్దున్నుంచీ బార్లా తెరిచే ఉన్నాయి. తన వైపు డ్యాష్‌బోర్డు మీద టీ గ్లాసు ఉంది. మూత పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టిందో అనుకున్నాను. నా తొందరలో నేనున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేశాను. గేరు రివర్సులోనే ఉంది. తెర నల్లగా ఉంది.

"రావట్లేదు," అన్నాను. ఇంత సహజంగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. "ఇందాక కూడా ఇలాగే ఉంది. ఎక్కడో ఏదో పోయింది. నీకు ముందే చెప్పా కదా, ఇలాంటివి నమ్ముకోకూడదని."

ఆమె నాకేసి చూసింది. అడగాల్సినదేదో నేనే చెబుతానేమోనన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత తల దించి ఫోన్ తెరిచింది.

"సరే బావా. మాటంటే మాటే. రానని చెప్పేస్తాను."

బొటనవేలు నంబర్ల మీద కదులుతోంది. అరవై లారీలు అన్నప్పటి వెలుగు ఆ మొహంలో వెతికాను. లేదు. దాన్ని ఆర్పింది నేను. చెయ్యి ప్లేటు కింద పెట్టిన క్షణంలోనే ఆర్పాను. ఇప్పుడామె మాట్లాడితే, ఇక బతికినన్నాళ్లూ ఆ సీటులో ఆమె కూర్చుంటుంది. నేను పక్కనే కూర్చుని ఆమె మొహం చూడలేకపోతాను.

"ఆగు," అన్నాను.

వేలు ఆగింది.

"ఇంకోసారి చూస్తా. ఆ జాయింటు..." అని ఇంజను ఆపబోయాను.

"నువ్వు కూర్చో. నేను చూస్తా," అంది.

స్క్రూడ్రైవరుకీ టెస్టరుకీ తేడా తెలియని మనిషి. వైరంటే ఆమడ దూరం నిలబడే మనిషి. బండి వెనక్కి వెళ్లింది. వెతకలేదు, వంగి చూడలేదు, ఎక్కడని అడగలేదు. టక్కుమని చిన్న శబ్దం వినపడింది. తెర వెలిగింది.

తెరనిండా ఆమె మొహం.

అప్పుడు టీ గ్లాసు సంగతి అర్థమైంది. నేను వెనక గొంతుక్కూర్చున్నప్పుడు తాళం తీయలేదు. గేరు రివర్సులోనే ఉంది. టీ పెట్టడానికి వచ్చి ఆమె ఇదే తెర ముందు నిలబడింది. నేను ఆ నల్లటి కన్నులోకి చూసినంతసేపూ ఇటువైపునుంచి తను నన్ను చూసింది. అటూ ఇటూ దొంగచూపులు చూడటం, చెయ్యి లోపలికి పోవడం, తెర ఆరిపోవడం, అన్నీ చూసింది. దొంగకి తేలు కుట్టినట్టు సీట్లో అలాగే ఉండిపోయాను.

కెమెరాకి చెవులే కాదు, నోరూ లేదు. తెర మీద ఆమె రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యెత్తి, పెదాలు కదిపింది. ఏమందో వినపడనక్కర్లేదు. రానీ. ఆ తర్వాత పక్కకి జరిగి గీతల్లోంచి బయటికి వెళ్లిపోయింది. తెర మీద గోడలు, నిచ్చెన మాత్రం మిగిలాయి.

తలుపులు రెండూ లాగి వేసి బ్రేకు మీంచి కాలు తీశాను. ఇంటి గోడ దగ్గరికొస్తోంది. "నా వైపు జానెడు," అని పైకే అన్నాను. అన్నది నేనే. స్టీరింగు కొంచెం తిప్పాను. పచ్చగీత గోడ దాటింది, పసుపుగీత నిచ్చెన కాలికి తగిలింది, ఎర్రగీత దగ్గర ఆపాను. ఎక్కడా గీసుకోలేదు.

బయట ఆమె గొంతు వినపడింది. "వస్తానండి. సోమవారం ఎనిమిదింటికి. ఆఁ, ఒక్కదాన్నే వస్తాను."

షెడ్డులో తలుపు మనిషి పట్టేంతే తెరుచుకుంటుంది. తన వైపునుంచి ఒళ్లు కుదించుకుని లోపలికొచ్చి కూర్చుంది. టీ గ్లాసు మూత తీసింది. ఇద్దరం ఎదుటి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

"నేను ఆగు అనకపోతే..." అన్నాను చివరికి. "నిజంగా రానని చెప్పేదానివా?"

"లేదు. వస్తాననే చెప్పేదాన్ని," అంది టీ ఊదుకుంటూ. "పనికి మాత్రం మా అమ్మ వాళ్లింటి నుంచి వెళ్లేదాన్ని."

ఆ మాట మామూలుగా అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. సగం తాగి గ్లాసు నా చేతికిచ్చింది. తాగాను. చల్లారిపోయింది.

ఇంజను ఆపాను. తాళం మాత్రం తెర వెలిగేలా తిప్పే ఉంచాను, గేరూ మార్చలేదు. నా వైపు సందులోంచి దిగి, గోడ రాసుకుంటూ వెనక్కి వెళ్లాను. నిచ్చెనకీ బండికీ మధ్య కూర్చోవడానికి మూరెడు చోటుంది. జేబులోంచి టేపు తీసి జాయింటుకి చుట్టడం మొదలుపెట్టాను. ఊడదీయాలంటే బ్లేడు పెట్టి కోయాల్సినన్ని చుట్లు చుట్టాను. క్యాబులో కూర్చుని ఆమె చూస్తోందని తెలుసు. ఈసారి అటూ ఇటూ చూడలేదు.